తమిళనాడులో మన ఊరి బడికి తెలుగు టీచరు కావాలంటే: కాగితం ఎలా నడపాలి

హోసూరులో తాలూకా ఆఫీసు దగ్గర నాకొక జిరాక్సు కొట్టుంది. జిరాక్సు పేరుకే, ఎక్కువగా చేసేది మనులు రాసివ్వడం. ఇటువైపు అర్జీని మను అనే అంటాం. పట్టా మార్పిడి, రేషన్ కార్డు, వితంతు పింఛను, ఇవి రోజూ ఉండేవే. ఏప్రిల్ దాటిందంటే ఇంకో రకం మనుషులు వస్తారు. "అక్కా, మా ఊరి బళ్ళో తెలుగు సారు రిటైరయిపోయినాడు. ఇంకెవర్నీ వేసేట్టు లేరు. పిల్లోళ్ళని తమిళ సెక్షన్లోకి మార్చేస్తామంటున్నారు. గట్టిగా ఒకటి రాసియ్యి."

గట్టిగా రాస్తే టీచరు రాడు. లెక్కతో రాస్తే వస్తాడు, అదీ సమయానికి రాస్తేనే. ఏ నెలలో ఏం చెయ్యాలి, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలి, ఎక్కడికి పోతే పని కాదు, నేను చూసినంతలో చెప్తాను. నేను లాయర్ని కాను. కోర్టు దాకా పోయే వ్యవహారమైతే లాయరు దగ్గరికే పోండి.

నేను చెప్పేది తళి, బాగలూరు, బేరికె, శూలగిరి, డెంకణికోట వైపు పల్లెల్ని మనసులో పెట్టుకుని. 2011 జన గణనలో తమిళనాడు మొత్తం మీద తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు దాదాపు 42 లక్షలు. కోలారు, బళ్ళారి, షోలాపూర్, రాయగడ వైపు ఉన్న తెలుగువాళ్ళకు కూడా ఇందులో రాజ్యాంగం గురించి చెప్పింది అంతా వర్తిస్తుంది. రాష్ట్రం ఆర్డర్లు, ఆఫీసర్ల హోదాల పేర్లు మాత్రం వేరుగా ఉంటాయి.

ఏ మైనారిటీ, ఏ కమిషను

"మైనారిటీ" అనగానే మనవాళ్ళు నేషనల్ మైనారిటీ కమిషన్‌కి రిజిస్టర్డ్ పోస్టు కొట్టేస్తారు. ఆ కమిషను 1992 చట్టం కింద ఏర్పడింది. అది చూసేది కేంద్రం నోటిఫై చేసిన ఆరు మతాల సంగతి: ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, 2014 నుంచి జైనులు. భాష దాని లెక్కలో లేదు. మైనారిటీ విద్యాసంస్థల కోసం 2004లో పెట్టిన జాతీయ కమిషన్ కూడా అంతే. తెలుగు బడి సంగతి అక్కడికి పంపితే రెండు మూడు నెలలు వృథా. ఆలోపు బళ్ళు తెరిచేస్తారు.

భాషా అల్పసంఖ్యాకుల కోసం రాజ్యాంగంలో వేరే తలుపు ఉంది. 1956లో ఏడో సవరణతో 350ఏ, 350బీ అధికరణాలు చేర్చారు. ప్రాథమిక దశలో పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పడానికి తగిన సదుపాయాలు కల్పించే ప్రయత్నం ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా చెయ్యాలని 350ఏ చెప్తుంది. ఈ రక్షణలు అమలవుతున్నాయో లేదో చూసి రాష్ట్రపతికి నివేదిక ఇవ్వడానికి ఒక ప్రత్యేక అధికారి ఉండాలని 350బీ చెప్తుంది. ఆయన్నే భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ అంటారు. 1957 నుంచి ఉన్న పదవి ఇది. ఆఫీసు చాలాకాలం అలహాబాదులో ఉండేది, తర్వాత ఢిల్లీకి మారింది.

అల్పసంఖ్యాకులా కాదా అన్నది రాష్ట్రాన్ని బట్టి చూస్తారు. 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు పదకొండుమంది జడ్జీల ధర్మాసనం తేల్చిన మాట అది. అంటే చిత్తూరులో ఉన్న మా పెద్దమ్మ కొడుకు భాషా అల్పసంఖ్యాకుడు కాడు, హోసూరులో ఉన్న నేను అవుతాను. మధ్యలో ఉన్నది ఒక చెక్‌పోస్టు.

పది, నలభై

1949 ఆగస్టులో, అంటే భాషా రాష్ట్రాలు ఏర్పడక ముందే, రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. బడి మొత్తంలో ఆ భాష పిల్లలు 40 మంది ఉన్నా, లేదా ఒక తరగతిలో 10 మంది ఉన్నా, వాళ్ళ భాషలో చెప్పడానికి కనీసం ఒక టీచర్ని వెయ్యాలి. 1956లో రాష్ట్రాల పునర్విభజన అప్పుడు కేంద్రం విడుదల చేసిన మెమొరాండంలో ఈ సూత్రాన్నే మళ్ళీ ఖాయం చేశారు.

ఇందులో రెండు మాటలు ఎర్ర సిరాతో గీసుకోండి. ఒకటి, "లేదా". చాలా ఆఫీసుల్లో "నలభై మంది లేరు కదా" అని పంపేస్తారు. నలభై అక్కర్లేదు, ఒక తరగతిలో పదిమంది చాలు. రెండోది, మాతృభాష అంటే తల్లిదండ్రులో సంరక్షకులో ప్రకటించిన భాష అని ఆ తీర్మానంలోనే ఉంది. పిల్లాడు తమిళం బాగా మాట్లాడుతున్నాడు కాబట్టి వాడి మాతృభాష తమిళమే అని తేల్చే అధికారం హెచ్ఎంకీ లేదు, క్లర్కుకీ లేదు.

అయితే ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాలి. పది-నలభై సూత్రం చట్టం కాదు, ప్రభుత్వాలు ఒప్పుకున్న పద్ధతి. అందుకే మనులో ముందు 350ఏ రాసి, దాని కింద ఈ సూత్రం రాయాలి. సూత్రం ఒక్కటే రాస్తే "జీఓ చూపించు" అంటారు. రెండూ కలిపి, పేర్ల పట్టీ జతచేస్తే, కనీసం ఫైలు తెరవక తప్పదు.

అసలు పని నోటుబుక్కులో

భాషా హక్కుల గురించి మీటింగుల్లో మాట్లాడే పెద్దలు చెప్పని విషయం ఒకటుంది. తెలుగు సెక్షన్ మూతపడేది ఆర్డరు వేసి కాదు. జరిగేది ఇలా ఉంటుంది. తెలుగు టీచరు రిటైరవుతాడు. ఆ పోస్టుకు మనిషి దొరకడు, ఖాళీగా ఉంటుంది. టీచరు లేడని తల్లిదండ్రులు ఆ ఏడాది పిల్లల్ని వేరే బళ్ళో వేస్తారు. మరుసటి ఏడు పిల్లలు లేరని పోస్టే తీసేస్తారు. ఇక్కడ ఆగస్టు 1 నాటికి రిజిస్టర్లో ఉన్న పిల్లల సంఖ్యను బట్టి పోస్టుల లెక్క తేలుస్తారు. ఆ తేదీకి అంకె లేకపోతే, ఆ తర్వాత ఎంత పెద్ద మనిషి వచ్చి మాట్లాడినా సెక్షన్ తిరిగి రాదు.

కాబట్టి పని మొదలుపెట్టేది మార్చిలో. భాషా అల్పసంఖ్యాకుల పిల్లల ఇష్టాన్ని ముందుగానే రిజిస్టర్లో నమోదు చేసుకోవాలన్నది కూడా ప్రభుత్వాలు ఒప్పుకున్న ఆ రక్షణల్లో ఉంది. దాన్ని ముందస్తు నమోదు అంటారు. బళ్ళో ఆ రిజిస్టరు అడిగితే చాలామంది హెచ్ఎంలు మొహం తేలేస్తారు, వాళ్ళ తప్పు కాదు, ఎవరూ చెప్పి ఉండరు. మీరే తయారు చెయ్యండి. రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొని, అడ్డంగా ఇలా గీతలు కొట్టండి: వరుస నంబరు, పిల్ల పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు, వీధి, ఇప్పుడు చదివే చోటు (అంగన్‌వాడీ అయినా సరే), బళ్ళో ఉన్నవాళ్ళకు ఎమిస్ నంబరు (బడి కంప్యూటర్లో ఒక్కో పిల్లకు ఉండే నంబరు), ప్రకటించిన మాతృభాష, తల్లిదండ్రుల సంతకం. ఒక్క సంతకం చాలదు. నాన్న తెలుగు అంటాడు, జూన్లో అమ్మ ఇంగ్లీషు మీడియం బస్సు ఎక్కిస్తుంది. ఇద్దరి చేతా పెట్టించండి.

అంగన్‌వాడీ టీచరు దగ్గర అయిదేళ్ళు నిండబోయే పిల్లల పట్టీ ఉంటుంది. ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరున్నారో ఆమెకు తెలిసినంతగా వీఏఓకి (గ్రామ పరిపాలనాధికారికి) కూడా తెలీదు. ముందు ఆమెను కలవండి. తర్వాత సాయంత్రం ఆరు దాటాక ఇళ్ళకు పోండి. పగలు పోతే అందరూ సిప్‌కాట్ పారిశ్రామికవాడ కంపెనీల్లోనో, పూల తోటల్లోనో ఉంటారు.

బడిలో చేర్పించేటప్పుడు ఫారంలో మాతృభాష అని ఒక గడి ఉంటుంది. అది ఎవరు నింపుతున్నారో చూడండి. పేరు మురుగన్ అనో సెల్వి అనో ఉంటే చేతికి అలవాటుగా "తమిళం" పడిపోతుంది. మా వైపు తెలుగు ఇళ్ళల్లో తమిళ పేర్లు పెట్టుకోవడం మామూలే. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, సంతలో కన్నడం. ఒకసారి కంప్యూటర్లో ఎక్కాక మార్పించాలంటే ఇంకో మను. ఫారం మీరే నింపి ఇవ్వండి, ఇచ్చేముందు ఫోనులో ఫోటో తీసుకోండి.

మీ బళ్ళో పదిమంది రాకపోతే? పక్క ఊరి బళ్ళో ఆరుగురు, మీ దగ్గర అయిదుగురు ఉంటే వాళ్ళందర్నీ కలిపి ఒక చోట సెక్షన్ నడపమని అడగొచ్చు. బళ్ళ మధ్య సర్దుబాటు అన్నది కూడా ఆ పాత రక్షణల్లోదే. కానీ ఆరేళ్ళ పిల్లని రెండు కిలోమీటర్లు ఎవరు తీసుకుపోతారన్నది ముందే తేల్చుకోండి. ఆ ఆటో ఖర్చు మీద మాట కుదరక విడిపోయిన ఊళ్ళు నాకు తెలుసు.

ఇంగ్లీషు మీడియం కావాలనే తల్లిదండ్రులతో కొట్లాట పెట్టుకోవద్దు. వాళ్ళ పిల్ల, వాళ్ళ ఇష్టం. పైగా ఏ భాషలో చదివించాలో తల్లిదండ్రుల మీద రాష్ట్రం రుద్దకూడదని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తీర్పు మనకి ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది. ప్రభుత్వం మన మీద రుద్దడానికి లేదు, నిజమే, మాతృభాష బడిని నిలబెట్టే ఊతకర్ర కూడా పోయింది. అలాంటి ఇళ్ళల్లో నేను అడిగేది ఒక్కటే: "సరేలేమ్మా, నీ పిల్ల ఎక్కడన్నా చదవనీ. మాతృభాష గడిలో మాత్రం తెలుగు అని రాయించు." దానికి ఎవరూ కాదనరు. జన గణనలోనూ అలాగే చెప్పించాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

మను రాయడం

350వ అధికరణం ప్రకారం ఫిర్యాదు పరిష్కారం కోసం ఏ అధికారికైనా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మనవి ఇవ్వొచ్చు. అంటే తెలుగులో ఇవ్వొచ్చు. జవాబు కూడా తెలుగులోనే ఇవ్వాలని మాత్రం అందులో లేదు.

మరి తెలుగులోనే ఇవ్వాలా? ఇక్కడ నా పద్ధతి వేరు. ఎడమ పక్క తెలుగు, కుడి పక్క తమిళం, ఒకే కాగితం మీద రెండు వరుసలుగా టైపు చేస్తాను. ఫైలు కదిలించేది తమిళం చదివే అసిస్టెంటు. ఆయనకు అర్థం కాని కాగితం అడుక్కి పోతుంది, అందులో దురుద్దేశం ఏమీ ఉండదు. తెలుగు వరుస ఉండేది మనం ఎవరమో ఆ కాగితమే చెప్పడానికి. ఒక ఆఫీసు కౌంటర్లో మా ఊరి ఆమె ఇస్తే, తీసుకునే అతను పైన చూసి, "ఇదేంటమ్మా, తెలుగా? తమిళంలో రాసి తీసుకురా పో" అన్నాడు. ఆమె నిదానంగా, "సార్, కుడిపక్క చూడండి. ఎడమ పక్కది మా కోసం. వెనక పేజీలో 350వ ఆర్టికల్ తమిళంలోనే ఉంది, చదువుకోండి" అంది. అతను తిప్పి చదివాడు, ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. అప్పట్నుంచి ప్రతి మను వెనకా ఆ అధికరణం ప్రింటు వేస్తున్నాను. దానికి అదనంగా డబ్బు తీసుకోను.

ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తుకి మాత్రం ఈ రూలు వర్తించదు. 2005 చట్టంలోనే ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాష అని ఉంది. తమిళనాడులో తెలుగులో ఆర్టీఐ వేస్తే తిప్పి పంపడానికి వాళ్ళకు సాకు దొరుకుతుంది. తమిళంలో వెయ్యండి.

మనులో ఏం ఉండాలి? నేను వాడే నమూనా తెలుగు వరుస ఇది:

"జిల్లా ముఖ్య విద్యాధికారి గారికి,
విషయం: ___ ఊరి పంచాయతీ యూనియన్ ప్రాథమిక పాఠశాలలో తెలుగు మాధ్యమ ఉపాధ్యాయుడి పోస్టు భర్తీ చేయమని కోరుతూ.
అయ్యా, మా ఊరి పాఠశాలలో తెలుగు మాతృభాషగా ప్రకటించిన పిల్లలు ఒకటో తరగతిలో ___ మంది, మొత్తం ___ మంది ఉన్నారు. పేర్లు, తల్లిదండ్రుల సంతకాలు జతచేశాం. తెలుగు ఉపాధ్యాయుడి పోస్టు ___ తేదీ నుంచి ఖాళీగా ఉంది. రాజ్యాంగం 350ఏ అధికరణం ప్రకారమూ, 1949 తీర్మానంలోని పది-నలభై సూత్రం ప్రకారమూ ఈ పాఠశాలకు తెలుగు ఉపాధ్యాయుణ్ణి నియమించమని కోరుతున్నాం. నియామకం జరిగేలోపు తెలుగు తెలిసిన ఉపాధ్యాయుణ్ణి డెప్యుటేషన్ మీద పంపమని మనవి. పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం నకలు జతచేశాం."

అంతే. శ్రీకృష్ణదేవరాయల వైభవం వద్దు, దేశ భాషలందు తెలుగు లెస్స వద్దు. ఒకాయన నాలుగు పేజీలు రాసుకొచ్చాడు, అందులో పిల్లల సంఖ్య ఎక్కడా లేదు. ఇంకో మాట. "తెలుగు మీడియం ఇవ్వండి, లేకపోతే తెలుగు ఒక సబ్జెక్టుగానైనా పెట్టండి" అని రెండు కోరికలు ఒకే మనులో రాయకండి. రెండోది చవక కాబట్టి అదే ఇచ్చి ఫైలు మూసేస్తారు. ఏది కావాలో ఊళ్ళో తేల్చుకుని అదొక్కటే అడగండి.

యాజమాన్య కమిటీ తీర్మానం అన్నాను కదా, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బోధన మాధ్యమం వీలైనంతవరకు మాతృభాషలో ఉండాలని అదే చట్టంలో 29వ సెక్షన్లో ఉంది. తీర్మానం తమిళంలోనే రాసి మినిట్స్ బుక్కులో ఎక్కించండి. పదిమంది విడివిడిగా ఇచ్చిన మనుల కంటే ఆ ఒక్క పేజీ నకలు ఎక్కువ దూరం పోతుంది.

ఎవరి తర్వాత ఎవరు

ముందు హెచ్ఎం, ఆయన ద్వారా బీఈఓ (బ్లాకు విద్యాధికారి). వారం చూసి డీఈఓ (జిల్లా విద్యాధికారి), ఆ పైన సీఈఓ (ముఖ్య విద్యాధికారి). అక్కడా ఉలుకూ పలుకూ లేకపోతే సోమవారం కలెక్టరేటులో మనులు తీసుకునే రోజున కలెక్టర్ చేతికే ఇవ్వండి. ఆ రోజు ఇచ్చిన మనుకి నంబరు పడుతుంది, ఏ ఆఫీసుకు పంపారో ఆ నంబరుతో తెలుసుకోవచ్చు. ముఖ్యమంత్రి హెల్ప్‌లైన్ 1100కి కూడా చెప్పొచ్చు. రసీదు నంబర్లన్నీ నోటుబుక్కు చివరి పేజీలో రాసుకోండి. రసీదు లేని మను ఇవ్వనట్టే.

ఎమ్మెల్యే దగ్గరికి పోవాలా అని అడుగుతారు. పోండి, కానీ కాగితం నడిచాక పోండి. చేతిలో రసీదు ఉన్నవాడికి ఆయన ఫోను చేసి పెట్టగలడు. రసీదు లేనివాడికి టీ ఇప్పిస్తాడు.

"పోస్టుకు మనిషి లేడు" అన్న జవాబు వస్తే నమ్మొచ్చు, చాలాసార్లు నిజమే. తెలుగు మీడియంలో టీచర్ ట్రైనింగ్ చేసి, టెట్ (టీచరు అర్హత పరీక్ష) పాసైనవాళ్ళు తక్కువ. రిజర్వేషన్ రోస్టర్లో (వరుస పట్టీలో) ఆ పోస్టు ఏ వర్గానికి పడిందో ఆ వర్గంలో తెలుగు అభ్యర్థి దొరక్కపోతే ఖాళీ అలాగే మిగులుతుంది. ఇక్కడ ఆర్టీఐ అక్కరకొస్తుంది. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవి అడగండి: జిల్లాలో మంజూరైన తెలుగు మాధ్యమ పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, ఖాళీలు ఏ బళ్ళో ఏ తేదీ నుంచి, వాటి భర్తీ గురించి పై ఆఫీసుకు రాసిన ఉత్తరాల నకళ్ళు. "ఎందుకు వెయ్యలేదు" అని అడగకండి, ఎందుకు అన్నదానికి వాళ్ళు జవాబు చెప్పనక్కర్లేదు. ఉన్న కాగితం ఇవ్వాలి, అంతే. 30 రోజుల్లో రాకపోతే, ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అదీ పోతే 90 రోజుల్లోపు రెండో అప్పీలు.

మీ ఊళ్ళో ఇంటర్ అయిపోయిన ఆడపిల్ల ఎవరన్నా తెలుగు బాగా చదివేది ఉంటే, టీచర్ ట్రైనింగ్ వైపు పంపండి. తమిళనాడు టెట్లో భాషగా తెలుగు ఎంచుకునే వీలుంది. నా మనులన్నిటి కంటే ఆ ఒక్క పిల్ల మేలు.

భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కి చివర్న రాయండి, అన్ని రసీదుల నకళ్ళూ పెట్టి. ఆయనకు ఆర్డరు వేసే అధికారం లేదు. రాష్ట్రాన్ని వివరణ అడగగలరు, రాష్ట్రపతికిచ్చే నివేదికలో రాయగలరు. ఆ నివేదిక పార్లమెంటు ముందుకు పోతుంది. ఢిల్లీ నుంచి ఒక ఉత్తరం వచ్చిందంటే జిల్లా ఆఫీసులో ఆ ఫైలు మళ్ళీ పైకి లేస్తుంది, అంతవరకే ఆశపడండి. డిసెంబరు 18న మైనారిటీ హక్కుల దినం జరుపుతారు, పోగలిగితే పోండి. అందరి మధ్య ఇచ్చిన మనుకి మర్యాద కాస్త ఎక్కువ.

తమిళం వద్దు అనకండి

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికో తరగతి చొప్పున తమిళాన్ని మొదటి భాషగా అందరికీ తప్పనిసరి చేశారు. ఆ బ్యాచి పదికి వచ్చేసరికి గొడవ ముదిరింది. పిల్లలకు తమిళం చెప్పే టీచర్లు తెలుగు, ఉర్దూ, కన్నడ బళ్ళల్లో సరిగ్గా లేరు, పరీక్ష మాత్రం వచ్చేసింది. కోర్టులు ఏడాదికేడాది మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. 2023 పదో తరగతి పరీక్షలకు మినహాయింపు సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. మీ పిల్ల పదికి వస్తుంటే ఆ ఏడాది ఆర్డరు ఏముందో జూన్లోనే హెచ్ఎంని రాతపూర్వకంగా అడగండి. ఫిబ్రవరి దాకా ఆగితే పిల్లకు రాత్రులు నిద్ర ఉండదు.

కానీ "మాకు తమిళమే వద్దు" అనే వాదన కోర్టులో నిలవదు. మహారాష్ట్రలో గుజరాతీవాళ్ళ బళ్ళల్లో మరాఠీ తప్పనిసరి చేస్తే వాళ్ళు సుప్రీంకోర్టుకు పోయారు. రాష్ట్ర భాష నేర్పమనడం వాళ్ళ హక్కుకు భంగం కాదని 2004లో కోర్టు తేల్చింది. వాదన పక్కన పెట్టినా, ఇక్కడ బతికే పిల్లకు తమిళం రాకపోతే నష్టం ఎవరికి? 2021 చివర్లో వచ్చిన ఆర్డరు తర్వాత రాష్ట్ర ఉద్యోగాల పరీక్షల్లో తమిళం పేపరు తప్పనిసరి. రాష్ట్ర భాష రాకపోవడం ఉద్యోగానికి అడ్డు కాకూడదు, ప్రొబేషన్లో నేర్చుకుంటే చాలు అని పాత రక్షణల్లో ఉంది. ఆ మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తాలి, ఎత్తేలోపు పిల్లలు తమిళం నేర్చుకోవాలి. అందుకే మనులో ఎప్పుడూ "తెలుగు కూడా" అని రాయిస్తాను. మా ఊరి బడి తీర్మానం మీద మొదటి సంతకం తమిళ టీచరుది. పిల్లలకు ఇంటి భాషలో అక్షరం వస్తే తన పని సులువవుతుందని ఆమె లెక్క.

ఎవరన్నా "మీ ఆంధ్రాలో మా తమిళం బళ్ళు ఉన్నాయా" అని ఎత్తిపొడిస్తే జవాబుంది. చిత్తూరు జిల్లాలో తమిళం, మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం, ఇచ్ఛాపురం వైపు ఒడియా చదివే పిల్లలు ఉన్నారు. ఆ బళ్ళల్లోనూ ఇవే ఇబ్బందులు: టీచరు రిటైరవడం, పోస్టు ఖాళీ, పిల్లలు తగ్గిపోవడం. అక్కడి తెలుగువాళ్ళు ఆ బళ్ళ గురించి ఒక్క మాట మాట్లాడితే ఇక్కడ మాకు నోరు లేస్తుంది. ఇది చదివే చిత్తూరువాళ్ళకు, శ్రీకాకుళంవాళ్ళకు చెప్తున్నాను.

పదిహేను శాతం, ఫిబ్రవరి 2027

బడి ఫారంలో లాగే జన గణనలోనూ మాతృభాష తెలుగు అని చెప్పించాలన్నాను కదా, దాని సంగతి. జిల్లాలో గానీ, తాలూకాలో గానీ, మునిసిపాలిటీలో గానీ ఒక భాష వాళ్ళు 15 శాతం పైన ఉంటే ముఖ్యమైన నోటీసులు, నియమాలు ఆ భాషలోకి అనువదించి ప్రచురించాలని కూడా ఒప్పుకున్నారు. భూసేకరణ నోటీసు అర్థం కాక గడువు దాటిపోయిన రైతులు నా కొట్టుకు వస్తుంటారు. వాళ్ళకు ఇది మాటల సంగతి కాదు, ఎకరాల సంగతి. ఆ 15 శాతం తేలేది జన గణన పట్టికల్లో. సీ-16 అనే పట్టికలో ఏ తాలూకాలో ఏ మాతృభాషవాళ్ళు ఎంతమందో ఉంటుంది. జన గణన వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. మీ తాలూకా వరుస ప్రింటు తీసి మనుకి జతచెయ్యండి. రాకపోతే మా కొట్టుకు రండి.

ఇప్పుడు వాడుతున్నవన్నీ 2011 అంకెలే. కొత్త లెక్క 2027 ఫిబ్రవరిలో, మంచు ప్రాంతాలు తప్ప దేశమంతటా. ఈసారి ఫోనులో మనమే నింపుకునే వీలు కూడా ఉంది. జన గణనలో మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. బాగా వచ్చిన భాషో, చదువుకున్న భాషో, ఊరివాళ్ళ భాషో కాదు. తెలిసిన వేరే భాషలకు విడిగా ప్రశ్న ఉంటుంది, తమిళం, కన్నడం అక్కడ చెప్పుకోండి. వడారి (వడ్డెరల మాట) మాట్లాడేవాళ్ళు ఆ పేరే చెప్పినా పోయిన లెక్కల్లో తెలుగు కిందే కలిపారు, కంగారు పడక్కర్లేదు.

లెక్క రాసేవాళ్ళు చాలామంది మన బడి టీచర్లే, తెలిసినవాళ్ళే. ఇంటి పెద్ద ఒక్కడి భాష అడిగి మిగతా అందరికీ అదే వేసేసే ప్రమాదముంది. కోడలు కన్నడం ఇంటి నుంచి వచ్చి ఉంటే ఆమెది కన్నడం అనే రాయించండి, అది ఆమె హక్కు. ప్రతి మనిషి పేరు చెప్పి, ఎదురుగా ఏ భాష పడిందో స్క్రీను చూపించమని అడగండి. సబ్మిట్ నొక్కకముందే అడగండి.